చెంపకు తెలిసిన రేకు

“కాలుతోంది” అన్న మనిషికి, కాలడం లేదని మీరెప్పుడైనా నిరూపించారా? తొందరపడి లేదనకండి. ఒళ్ళు వెచ్చగా ఉందన్న పిల్లను నుదుటి మీద చెయ్యయినా వేయకుండా బడికి తరిమి ఉంటారు. కొత్త చెప్పు కరుస్తోందన్న చెల్లెలితో “నీ కొలతే కదా, ఎలా కరుస్తుంది?” అని ఉంటారు. ఈ వాదంలో మనమందరం ఎప్పుడో ఒకప్పుడు గెలిచినవాళ్ళమే. ఆదోనిలో ఉరుకుందమ్మ కూడా గెలిచింది. చాలా బాగా గెలిచింది. గెలిచి, ఒక మనిషిని ఆమె కూర్చునే చోటు నుంచి లేపేసింది.

ఉరుకుందమ్మ గురువు మౌనేశ్వరాచారి. గుడులకు రేకు పని చేసేవాడు. తలుపులకు ఇత్తడి తాపడం, విగ్రహాలకు తొడుగులు, గోపురానికి కలశాలు, ఇదీ ఆయన పని. ఆయనకో అలవాటుంది. నునుపు చేసిన ప్రతి రేకు దగ్గరా కళ్ళు మూసుకుని, చెంపను రేకుకు నాలుగు వేళ్ళ దూరం దాకా తీసుకెళ్ళి, తగలకుండా అటూ ఇటూ కదిలించేవాడు. రోడ్డున పోయేవాళ్ళు చూసి “ఆచారి రేకుకు ముద్దు పెడుతున్నాడు” అని నవ్వేవాళ్ళు. ఆయనకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఏమడిగినా ఆ చెంపే జవాబు. రేకు నునుపు ఎంత ఉండాలి? చెంప పెట్టి చూడు. మైనం పోయిందా లేదా? చెంప పెట్టి చూడు. ఒకసారి ఉరుకుందమ్మ విసిగిపోయి “సామీ, రేపు వాన పడుతుందా?” అని అడిగి, తానే రేకుకు చెంప చూపించింది. ఆయన నవ్వలేదు. “వానకు చెవి,” అన్నాడు, అంతే.

అందరూ కుందమ్మ అని పిలిచే ఉరుకుందమ్మ పాలిటెక్నిక్ చదివిన పిల్ల. చదువు రోజుల్లో వాదోపవాదాల పోటీల్లో ఆమెకు ఎదురు లేదు. ఇంట్లో తలుపు పక్కన గూట్లో ఆమె గెలిచిన కప్పులు పదకొండు ఉండేవి. వాటికి నిగనిగలాడే పూత మళ్ళీ మళ్ళీ తానే వేసుకునేది. యంత్రాల కంపెనీలో ఉద్యోగం చూసుకోక రేకు పనికి ఎందుకొచ్చావని అడిగితే, చేత్తో చేసిన వస్తువుతో ఎవడూ వాదించలేడు కాబట్టి, అనేది. పని మాత్రం శ్రద్ధగా నేర్చుకుంది. మూడేళ్ళలో ఆమె కొట్టిన రేకుకూ గురువు కొట్టిన రేకుకూ తేడా పట్టడం కష్టమైంది. కానీ మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా తనది అనుకునే పని ఆయన ఒక్కటీ ఇవ్వలేదు. మూడేళ్ళూ ఆమె ఎదురుచూసింది ఆ ఒక్కదానికోసమే.

ఆ పని బొరుగుల బట్టీ రూపంలో వచ్చింది.

కాశింసాబు బట్టీ ఊరి చివర, రైలు పట్టాల అవతల. మట్టి గోడ పొయ్యిలో వేరుశనగ పొట్టు మండుతుంటుంది. పైన పెద్ద బాణలిలో ఇసుక కాగి, అందులో బియ్యం వేస్తే ఒక్క ఉదుటున పొంగి బొరుగులవుతాయి. వాటిని ఇసుకతో సహా జల్లెడలోకి తోడేస్తే, జల్లెడ పట్టి ఇసుక కిందికి రాల్చాలి. ఆ జల్లెడ చోటు పొయ్యి గోడకు పక్కనే. అక్కడే ఉండాలి, ఎందుకంటే ఆ ఇసుక చల్లారకుండా మళ్ళీ బాణలిలోకి పోవాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆ చోట కూర్చున్న మనిషి హుసేన్బీ. ఆమె ఎడమ చెంప కుడి చెంప కంటే నల్లగా ఉండేది. ఎడమ మోచేతి మీద చర్మం ఎండిన మామిడితాండ్రలా పొరలు లేచేది. ఆ ఏడాది వైశాఖంలో రెండుసార్లు జల్లెడ మీదే పడిపోయింది. డాక్టరు, ఇంకోసారి ఆ వేడిలో కూర్చుంటే తన దగ్గరికి తీసుకురావద్దు, నేరుగా కర్నూలు పెద్దాసుపత్రికే తీసుకెళ్ళమన్నాడు.

కాశింసాబు ఆమెను వెంటబెట్టుకుని ఆచారి దగ్గరికి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. నలుగురూ తనను మంచివాడనాలని కోరుకునే మనిషి.

“సామీ, పొయ్యికీ ఈమెకీ నడాన ఒక రేకు నిలబెట్టల్ల. గుడి తలుపు మాదిరి మెరవల్ల. మా బట్టీల సంఘం పెద్దల్ని పిలిపించి చూపిస్తా. మా బట్టీలో మనుషుల్ని ఎట్ల చూసుకుంటామో ఊరికి తెలియల్ల.”

“మెరిస్తే నాకేమొస్తాది కాశింభాయ్,” అంది హుసేన్బీ. “సగం వేడి తగ్గితే చాలు. ఆ చోట నేను తప్ప ఎవరూ జల్లెడ పట్టలేరు. నాకు కూడా ఇంకో పని రాదు.”

మౌనేశ్వరాచారి కుందమ్మ వైపు చూశాడు. “ఇది నీ పని. రేకు నువ్వే ఎంచుకో. నునుపు నువ్వే చెయ్యి. నిలబెట్టేది కూడా నువ్వే.”

కుందమ్మ ఆ రోజంతా లోహాలతోనే వాదోపవాదం పెట్టుకుంది. రాగి వేడిని బాగా వెనక్కి కొడుతుంది, ఒప్పుకుంది. కానీ పొయ్యి పక్కన నెల తిరక్కుండా నల్లబడుతుంది, పో అంది. ఇత్తడిదీ అదే తంతు. జింకు రేకు కొత్తలో తళతళలాడి ఏడాదికే బూడిద రంగు కడుతుంది. స్టీలును అద్దం చేయాలంటే చేతులు పడిపోతాయి, చేసినా అల్యూమినియం అంత పని చేయదు. అలా అందర్నీ ఓడించి అల్యూమినియం రేకును గెలిపించింది. ఆచారి అంతా విన్నాడు. “సరే,” అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం ఎంత అరుదంటే, కుందమ్మ ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీలు కొనుక్కుని తిన్నది.

తర్వాత ఐదు రోజులు నునుపు పని. గరుకు కాగితంతో మొదట నిలువుగా, ఆ గీతలు పోయేదాకా దానికంటే సన్నని కాగితంతో అడ్డంగా, మళ్ళీ నిలువుగా. ఆ తర్వాత గుడ్డ చక్రం మీద మైనపు ముద్దతో. ఆ మైనం జిడ్డు పోయేదాకా కుంకుడు రసంతో కడిగి, మెత్తటి పాత పంచె ముక్కతో తుడిచింది. రెండు ముఖాలూ అలాగే చేసింది, ఎందుకంటే పొయ్యి వైపు ముఖం వచ్చే వేడిని వెనక్కి కొట్టాలి, మనిషి వైపు ముఖం తనలో చేరిన వేడిని బయటికి వెదజల్లకూడదు. ఈ సంగతి ఆమెకు పుస్తకంలో తెలుసు. పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకుంది.

ఐదో రోజు అడిగింది. “సామీ, పని అయిపోయిందని ఎట్ల తెలుస్తాది?”

“చెంప పెట్టి చూడు.”

“సామీ! నేను అడిగింది వేరే. నునుపుకు అంతు లేదు కదా. ఇంకో రోజు రుద్దితే ఇంకా మెరుస్తాది. ఇంకో పని చేస్తే ఇంకా బాగుంటాది. యాడ ఆపల్ల? ఆ ఆపేది ఎట్ల తెలుస్తాది? ఒక్కసారన్నా నోటితో జవాబు చెప్పండి, మీకు పుణ్యముంటుంది!”

“నోటితో చెప్పింది నోట్లోనే ఉంటుంది కుందమ్మా. చెంప పెట్టు.”

విసుక్కుంటూనే పెట్టింది. రేకు చల్లని లోహం. తగలకుండా చెంప దగ్గరికి తీసుకెళ్తే మాత్రం, ఎవరో ఎదురుగా ఊపిరి వదులుతున్నట్టు వెచ్చగా తగిలింది. తన వేడే తనకు తిరిగి వస్తోంది. ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది. తర్వాత, ఇందులో ఏముంది, ఇది పుస్తకంలో ఉన్నదే, అనుకుని లేచింది. ఆచారి మర్నాడు పొద్దున్నే ఒక గుడి ధ్వజస్తంభానికి తొడుగు బిగించే పని మీద వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు రాడు.

ఇక్కడ ఆ పనివాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. గుడి రేకు పనిలో ఆఖరి మెట్టు పూత. నునుపు చేసిన ఇత్తడి మీద గాజులా పారదర్శకంగా ఉండే వార్నీషు పలచగా వేస్తారు. వేళ్ళ మరకలు పడవు, గాలికి నల్లబడదు, ఏడాది పొడవునా మెరుస్తుంది. పూత వేయని పనిని ఆ వీధిలో ఎవరూ పని అనరు. “పూత పడిందా?” అన్నారంటే అయిపోయిందా అని అడిగినట్టు. కుందమ్మ ఆ మూడేళ్ళలో గురువు చేతిలో పూత పడకుండా గడప దాటిన రేకు ఒక్కటి కూడా చూడలేదు. పైగా కాశింసాబు వచ్చి చూసి, “పెద్దలు చూస్తారమ్మా, వేలిముద్రలు కనపడకూడదు,” అని మరీ మరీ చెప్పాడు.

కుందమ్మ రేకుకు పూత వేసింది, రెండు ముఖాలకూ. ఆరాక చూస్తే కళ్ళు చెదిరాయి. ఆమెకు తన ప్రశ్నకు జవాబు దొరికిందనిపించింది: ఇదిగో, ఇక్కడ ఆపాలి.

శుక్రవారం రేకును బట్టీలో నిలబెట్టారు. పొయ్యి గోడకు జానెడు సందు వదిలి, కింద ఇటుకల మీద, మనిషి కూర్చుంటే తల దాటేంత ఎత్తున. షామియానా కింద సంఘం పెద్దలు వచ్చారు. పూలదండ వేశారు, ఫోటోలు తీసుకున్నారు. ఒక పెద్దాయన రేకులో చూసుకుని మీసం దువ్వుకున్నాడు. హుసేన్బీని కూర్చోబెట్టి “ఎట్లుందమ్మా?” అని అడిగారు. “చల్లగా ఉంది,” అంది ఆమె. నిజమే చెప్పింది. రేకు అప్పుడే తెచ్చి పెట్టినది, ఇంకా వేడెక్కలేదు. అందరూ చప్పట్లు కొట్టి, బొరుగుల పొట్లాలు పట్టుకుని, అరగంటలో వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం కుందమ్మ చూడటానికి వెళ్ళేసరికి హుసేన్బీ కొంగు తడిపి ఎడమ చెంపకు అడ్డంగా చుట్టుకుని ఉంది.

“ఏమత్తా, ఇదేం వేషం?”

“కాల్తాంది పాపా.”

“కాలడమేంది? రేకుండాది కదా!”

“నిన్న మీరుండినంత సేపు బాగుండె. మీరు పోయినాక మొదలాయె. ముందు గోడ కాల్చేది, ఇప్పుడు రేకు కాలుస్తాంది. గోడ మూరెడు దూరంలో ఉండె, ఇది జానెడు దూరంలో ఉండాది.”

కుందమ్మకు ఒళ్ళు మండింది, పొయ్యి వల్ల కాదు. ఐదు రోజులు చేతులు వాచేలా రుద్దిన పని. మొదటిసారి తనదనుకున్న పని. “అత్తా, ఒక్క మాట చెప్పు. అద్దం మీద టార్చి వేస్తే వెలుతురు ఏమైతుంది? వెనక్కి పోతాది. పోతాదా లేదా?”

“పోతాది.”

“వేడి కూడా అంతే. కంటికి కనపడని వెలుతురు అనుకో. ఈ రేకు అద్దమా కాదా?”

“అద్దమే.”

“అట్లయితే వేడి వెనక్కి పోవల్లనా వద్దా?”

“పోవల్ల.”

“మరి కాల్తాందంటావేంది?”

హుసేన్బీ జల్లెడ ఆపి రేకు వైపు చూసింది. “అద్దంలో నా మొహం బాగా కనపడతాంది పాపా. ఆ కనపడే మొహమే మండుతాంది.”

మంచి వాదికి ఎదుటివాళ్ళ మంచి మాట వినపడదు. అది బల్ల గుద్ది చెప్పగల సంగతి. కుందమ్మకు కూడా వినపడలేదు. వయసుతో చర్మం పలచబడుతుందని, ఎండాకాలం గాలే వేడని, పంతొమ్మిదేళ్ళ అలవాటు కాబట్టి మనసుకు ఇంకా కాలుతున్నట్టే ఉంటుందని వరసగా చెప్పుకుంటూ పోయింది. కాశింసాబు గల్లా దగ్గర నుంచి లేచొచ్చి విన్నాడు. ఆయనకు ఆ మాటలు సగమే అర్థమయ్యాయి కానీ అవి తన రేకు పక్షాన ఉన్నాయని పూర్తిగా అర్థమైంది. హుసేన్బీ మొదట రెండు మాటలకు జవాబిచ్చింది, తర్వాత ఒక మాటకు తల అడ్డంగా ఊపింది, ఆ తర్వాత ఊరుకుంది. ఊరుకుంటే గెలిచినట్టే కదా, పోటీల్లో అయితే గంట కొట్టేస్తారు.

మూడో రోజు హుసేన్బీ జల్లెడ మీదికి ఒరిగిపోయింది. నీళ్ళు చల్లి లేపారు. కాశింసాబు విసిగిపోయాడు. “ఇంత రేకు పెట్టించినాక కూడా కూచోలేకపోతే ఇంక నేనేం చేసేది? తప్పు పొయ్యిలో లేదు, నీ ఒంట్లో ఉండాది. ఇంటికాడ ఉండు హుసేన్బీ. వేరే మనిషిని చూసుకుంటా. చదువుకున్న పిల్ల కూడా అదే చెప్పె కదా.”

ఆ చివరి మాట కుందమ్మ చెవిన పడింది. పడిన చోటే ఉండిపోయింది.

నాలుగో రోజు ఆచారి తిరిగొచ్చి సంచి దించకముందే ఆమె ఎదురు వెళ్ళింది. “సామీ, నేను చేసిన దాంట్లో తప్పేముందో చెప్పండి. రేకు సరైనదే, మీరే సరే అంటిరి. నునుపు సరైనదే. సందు వదిలినా. అయినా ఆమె కాల్తాందనే అంటాంది, పడిపోయింది కూడా. నా లెక్క తప్పా, ఆమె ఒళ్ళు తప్పా? ఈసారి చెంప, ముక్కు అనొద్దు. నోటితో చెప్పండి.”

ఆచారి సంచి దించి, “పూత వేసినావా?” అన్నాడు.

“వేయనా మరి? పూత పడకుండా ఈ గడప దాటిన పని ఒకటి చూపించండి! ముప్పైయేళ్ళ నుంచి మీరు చేసేది అదే కదా! నాకు నేర్పింది మీరే కదా!”

“అవును,” అన్నాడు ఆయన. అలసిపోయినట్టు గుమ్మం మీద కూర్చున్నాడు. “పోయేముందు ఒక్క మాట చెప్పి పోవల్సింది. నీకు తెలుసనుకుంటి. నా పనులన్నీ దేవుడికి కదా కుందమ్మా. ఆయన కాల్తాందని ఒక్కసారి కూడా చెప్పలేదు.”

సంచిలోంచి చిన్న సీసా, గుడ్డముక్క తీసి చేత పట్టుకుని, అలాగే బట్టీ వైపు నడిచాడు. కుందమ్మ వెనకే నడిచింది. దారంతా ఆమె అడుగుతూనే ఉంది, ఆయన నడుస్తూనే ఉన్నాడు.

బట్టీలో పొయ్యి పొద్దున్నుంచి మండుతోంది. హుసేన్బీ చోటు ఖాళీగా ఉంది. కొత్త మనిషి రెండు గంటలు కూర్చుని, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడట. ఆచారి కుందమ్మను ఆ చోట కూర్చోమన్నాడు. “కళ్ళు మూసుకో. నేను చెప్పేదాకా తెరవొద్దు.”

కూర్చుంది. ఒక నిమిషం గడిచింది. ఎడమ చెంప మీద పెనం ఎత్తి పట్టినట్టు వేడి. చెవి తమ్మె చురుక్కుమంది. చొక్కా చేయి వేడెక్కి భుజానికి అతుక్కుంది. రేకు వైపు నుంచి కాగిన వార్నీషు వాసన. లేవాలనిపించింది, కానీ గురువు చెప్పేదాకా లేవకూడదు. హుసేన్బీ అక్కడ పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా కూర్చునేదని ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఇప్పుడు మాత్రం ఆ తెలిసింది చెంప మీదుంది. ఏదో రుద్దుతున్న చప్పుడు, సీసా మూత తీసిన ఘాటు వాసన వచ్చాయి. ఆ తర్వాత ఆచారి గొంతు వినిపించింది. “ఇప్పుడు చెంప మెల్లగా పక్కకు జరుపు. కళ్ళు తెరవకుండా. యాడ ఆపాలనిపిస్తే ఆడ ఆపు.”

జరిపింది. వేడి. ఇంకాస్త జరిపింది. అదే వేడి. ఇంకో జానెడు జరిపేసరికి చెంప మీది వేడి ఒక్కసారిగా తగ్గింది. ఎవరో నడిమధ్యలో అరచెయ్యి అడ్డం పెట్టినట్టు. ముందుకు జరిపితే మళ్ళీ మంట. వెనక్కి వస్తే మళ్ళీ ఊరట. ఆపింది.

“ఇక్కడ,” అంది.

“తెరువు.”

తెరిచింది. ఎదురుగా రేకు, ఎప్పట్లాగే అద్దంలా. తన మొహం కనిపిస్తోంది. అక్కడికీ మిగతా చోటుకూ తేడా ఏమీ లేదు. వంగి పక్క నుంచి చూస్తే తెలిసింది, పళ్ళెమంత మేర పూత లేదు. ఆచారి చేతిలో గుడ్డ తడిగా ఉంది.

కుందమ్మ వేలు పెట్టబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. “రేకంతా ఒకే రేకు. ఒకే కాక. ఆడా అంతే కాగింది, ఈడా అంతే కాగింది.”

ఆమె ఆ తర్వాతి మాట తానే అందుకోబోయింది. కంటికి కనిపించే వెలుతురుకు వార్నీషు అడ్డం కాదు, గాజులాంటిది. కనపడని వేడికి మాత్రం అది మసి పూసినంత పని. పొయ్యి వైపు నుంచి వేడిని తాగుతుంది, మనిషి వైపు వదులుతుంది. మెరుపు మొత్తం అలాగే ఉంటుంది, పని మొత్తం పోతుంది. అంతా ఒక్క క్షణంలో వరసకట్టి నాలుక చివరికి వచ్చింది. అంత చక్కటి వాదం ఆమె జీవితంలో చేసి ఉండదు. ఎదురుగా ఖాళీ జల్లెడ కనపడి, నోరు మూసుకుంది.

ఆ రోజే రేకు రెండు ముఖాల పూతా తీసేసింది. పూత కరిగించే మందులో ముంచిన గుడ్డతో రుద్ది, కుంకుడు రసంతో కడిగి, ఆరబెట్టి, అంచులు మాత్రమే పట్టుకుని మోసుకొచ్చి మళ్ళీ నిలబెట్టింది. కాశింసాబు లబోదిబోమన్నాడు. “అంత బాగున్నదాన్ని పాడు చేస్తారేమమ్మా! రేపటికి మరకలు పడతాయి!”

“పడతాయి. వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడవల్ల. జిడ్డు చేతులు పెట్టకూడదు. పొగ పడితే కడగల్ల.”

“ఎవరు చేస్తారు అదంతా?”

“మీరు,” అంది కుందమ్మ. ఆ ఒక్కదానికి మాత్రం వాదన పెట్టుకోలేదు.

హుసేన్బీ ఇల్లు రెండు వీధుల అవతల. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది, చెంపకు పసుపు పట్టు వేసుకుని. కుందమ్మను చూసి లేవలేదు.

“మళ్ళీ వాదనకొచ్చినావా పాపా? నాకు ఓపిక లేదు. గెలిచినావు కదా, పో.”

“వాదనకు కాదత్తా. నీ చెంప కావల్ల.”

“ఏంటికి? కొట్టేదానికా?”

కుందమ్మ నవ్వలేకపోయింది. గుమ్మం ముందు నేల మీదే కూర్చుంది. “నువ్వు చెప్పింది నిజమత్తా. రేకు కాలుస్తాండె. నేను పూత వేసి చెడగొట్టినా. ఇప్పుడు తీసేసినా. బాగైందో లేదో నాకు తెలీదు. నువ్వు కూచుంటేనే తెలుస్తాది. కాల్తే కాల్తాందని చెప్పు. నేను మారు మాట్లాడను.”

“నువ్వా? మారు మాట్లాడవా?” హుసేన్బీ చింతపండు పక్కన పెట్టి లేచింది. “సరే, అదన్నా చూడల్ల. పా.”

కాశింసాబు ఈలోగా సంఘం పెద్దల్ని మళ్ళీ పిలిపించాడు. తన రేకును పాడు చేశారని నలుగురికీ చూపించి ఆచారిని నిలదీయాలని. ఆచారి వాళ్ళను ఆపి, “గంట ఆగి మాట్లాడుదురు గాని,” అన్నాడు. నీడలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. వాళ్ళకు బొరుగుల్లో ఉల్లిపాయ, పచ్చిమిరప కలిపి ఇచ్చారు. గంట పాటు హుసేన్బీ రేకు పక్కన జల్లెడ పట్టింది. కుందమ్మ దూరంగా గోడకు ఆనుకుని, గోళ్ళు కొరుక్కుంటూ, ఆమె ఎడమ చెయ్యి వైపే చూస్తూ నిలబడింది. కొంగు తడపడానికి ఎప్పుడు లేస్తుందోనని. పావుగంట గడిచింది, అరగంట గడిచింది, లేవలేదు. ఒకసారి ఆ చెయ్యి పైకి లేచింది. హుసేన్బీ చెంప మీది పసుపు ఎండి దురద పెడితే గోక్కుని, మళ్ళీ జల్లెడ అందుకుంది.

గంట అయ్యాక పెద్దలు లేచి వచ్చి రేకు ముందు గుంపుగా నిలబడ్డారు. అంచు దగ్గర ఎవరివో రెండు వేలిముద్రలు ఉన్నాయి. కింద నీటి మరక ఒకటి.

“మొన్న ఇంతకంటే బాగుండె కదా,” అన్నాడు మీసాల పెద్దాయన.

“గుడి తలుపు మాదిరి ఉండె,” అన్నాడు ఇంకొకాయన. “ఇప్పుడు అన్నం పళ్ళెం మాదిరి ఉండాది.”

“పనివాళ్ళు చేతకాక పూత ఊడగొట్టినారు,” అన్నాడు కాశింసాబు.

కుందమ్మ గోడ దగ్గర నుంచి ఒక్క అంగలో ముందుకు వచ్చింది. మాటలు వరసకట్టి సిద్ధంగా ఉన్నాయి, మొదటిది పెదవి దాకా వచ్చింది కూడా. అప్పుడు హుసేన్బీ, జల్లెడ ఆపకుండా, ఎవరి వైపూ చూడకుండా, తలమీది కొంగు తీసి పక్కన పడేసింది. చెంప మీద ఏ అడ్డమూ లేదు. రేకుకు జానెడు దూరంలో కళ్ళు మూసుకుని, నీడలో కూర్చున్న మనిషిలా ఇసుక రాలుస్తోంది.

కుందమ్మ నోరు తెరిచి, మూసి, గురువు వైపు తిరిగింది. పని ఎక్కడ ఆపాలని అడిగిన మొహం కాదది ఇప్పుడు, అది తెలిసిన మొహం.

మౌనేశ్వరాచారి పెద్దల వైపు చూశాడు, కాశింసాబు వైపు చూశాడు. హుసేన్బీని కాస్త లేవమని సైగ చేసి, ఆమె పీటను తుడిచి, గుంపు వైపు జరిపాడు.

“చూసింది చాలు,” అన్నాడు. “ఒక్కొక్కరే వచ్చి, కళ్ళు మూసుకుని ఈడ కూచోండి.”